బైపాస్ అడుగుదాం, లావణి భూమి లెక్క కూడా అడుగుదాం

పొద్దున షిఫ్టు మారే వేళ బొంతపల్లి దగ్గర రోడ్డు దాటాలంటే గుండె చిక్కబట్టుకోవాల్సిందే. హైదరాబాద్ నుంచి నర్సాపూర్, మెదక్ వెళ్లే బస్సులు, కార్లు ఒకవైపు. ఫార్మా కంపెనీల ట్యాంకర్లు, లారీలు, కార్మికులను దించే బస్సులు మరోవైపు. వాటి మధ్యలోంచి సైకిళ్ల మీద, కాలినడకన కంపెనీ గేట్లకు పోయే కాంట్రాక్టు కార్మికులు. వీరభద్రస్వామి ఉత్సవాలు వచ్చాయంటే ఆ రద్దీ ఇంకా పెరుగుతుంది.

పటాన్‌చెరు, సంగారెడ్డి, బొల్లారం, గుమ్మడిదల... ఈ పారిశ్రామిక ప్రాంతంలో ఎక్కడికి వెళ్లినా ఇదే దృశ్యం. ఊరి రోడ్డు, కంపెనీ రోడ్డు, జాతీయ రహదారి మూడూ ఒకటే అయిన చోట ట్రాఫిక్ ఆగుతుంది, ప్రాణాలు పోతాయి. అందుకే బైపాస్ కావాలని, దానికి నిధులు ఇవ్వాలని నాయకులు మంత్రులకు వినతిపత్రాలు ఇస్తుంటారు. ఆ కోరిక న్యాయమైనదే. రోడ్డు పక్కన నడిచే కూలీల్లో మనవాళ్లే ఎక్కువ. ట్రాఫిక్ తగ్గితే ముందు బతికేది వాళ్లే.

కానీ అలాంటి వినతిపత్రాల్లో సాధారణంగా ఉండేవి రోడ్డు పొడవు, వరుసలు, అంచనా వ్యయం. ఆ బైపాస్ ఎవరి భూమి మీద నుంచి పోతుంది, ఆ భూమి అసైన్డ్‌దైతే ఎంత చెల్లిస్తారు అన్న లైను ఉండదు. నిధులు అడిగే రోజే రాయాల్సిన ఆ లైను తర్వాత ఎప్పుడో రాద్దామంటే ఎందుకు కుదరదో, చట్టం ఏం చెబుతోందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

బైపాస్‌కు డబ్బు ఎవరిస్తారన్నది ఆ రోడ్డు ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. బొంతపల్లి, గుమ్మడిదల మీదుగా మెదక్ వెళ్లేది 765డి జాతీయ రహదారి. పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా జహీరాబాద్ వెళ్లేది 65వ నంబరు జాతీయ రహదారి. వీటి మీద బైపాస్ కావాలంటే కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ మంజూరు చేయాలి. పని జాతీయ రహదారుల సంస్థ ద్వారా గానీ, రాష్ట్ర రోడ్లు భవనాల శాఖలోని జాతీయ రహదారుల విభాగం ద్వారా గానీ జరుగుతుంది. రాష్ట్ర రోడ్డయితే రాష్ట్ర బడ్జెట్ ఉంది, కేంద్ర రహదారి, మౌలిక వసతుల నిధి కూడా ఉంది. ఆ నిధికి మూలం పెట్రోలు, డీజిల్ మీద వేసే సెస్సు. బండిలో వంద రూపాయల పెట్రోలు పోయించుకునే కూలీ కూడా అందులో వాటాదారే.

ఈ ప్రాంతానికి రోడ్ల డబ్బు రావడం లేదని అనలేం. మదీనాగూడ నుంచి సంగారెడ్డి దాకా 29 కిలోమీటర్ల 65వ రహదారిని ఆరు వరుసలు చేసే పనికి 2024 మార్చి 5న ప్రధాని సంగారెడ్డిలో శంకుస్థాపన చేశారు. అంచనా 1,298 కోట్ల రూపాయలు. పాశమైలారం వంటి పారిశ్రామికవాడలకు మంచి రోడ్డు అందుతుందన్నది దానికి చెప్పిన కారణాల్లో ఒకటి.

అన్నిటికంటే పెద్దది ప్రాంతీయ వలయ రహదారి, అంటే ట్రిపుల్ ఆర్. ఒక రకంగా అది హైదరాబాద్ మహానగరానికే బైపాస్. దాని ఉత్తర భాగం సంగారెడ్డి దగ్గర మొదలై నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్, భువనగిరి వైపుగా చౌటుప్పల్ చేరుతుంది. 2024 డిసెంబరులో దానికి ఐదు ప్యాకేజీలుగా టెండర్లు పిలిచారు. మొదటి ప్యాకేజీ సంగారెడ్డి జిల్లా గిర్మాపూర్ నుంచి మెదక్ జిల్లా రెడ్డిపల్లి వరకు, 34 కిలోమీటర్లకు పైగా. బొంతపల్లి నుంచి నర్సాపూర్ దాకా వెళ్తే ఆ రోడ్డు పరిసరాల్లోకి వెళ్లినట్టే.

నిధుల బేరం ఎలా జరుగుతుందో ట్రిపుల్ ఆర్ చూస్తే అర్థమవుతుంది. ఉత్తర భాగం భూసేకరణ ఖర్చులో సగం రాష్ట్రం భరించాలన్నది కేంద్రం పెట్టిన షరతు. ఆ తర్వాత కరెంటు స్తంభాలు, పైపులైన్లు, కేబుళ్లు పక్కకు జరిపే ఖర్చు ఎవరిదన్న పేచీ వచ్చింది. ఆ లెక్క సుమారు 363 కోట్ల రూపాయలు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ఢిల్లీ వెళ్లి కేంద్రమంత్రితో మాట్లాడాక దాన్ని కేంద్రమే భరించేందుకు ఒప్పుకుంది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. స్తంభాన్ని ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పాతడానికి అయ్యే ఖర్చును కూడా పైసాతో సహా లెక్కగట్టి, ముఖ్యమంత్రి స్థాయిలో మాట్లాడుకున్నారు. ఒక ఖర్చు అంచనాలోకి ఎక్కితే దాని గురించి బేరం నడుస్తుంది, ఎవరో ఒకరు భరిస్తారు. ఎక్కని ఖర్చు చివరికి భూమి పోయినవాళ్ల నెత్తిన పడుతుంది.

గీత ఎక్కడ పడుతుంది?

బైపాస్ అంటేనే ఊరి నడుమ నుంచి కాకుండా చుట్టూ తిరిగి పోయే రోడ్డు. మన ఊళ్ల అంచున ఏముంటుందో పల్లెలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఊరు నడుమ ఉంటుంది, వాడ అంచున ఉంటుంది. వాడను ఆనుకుని చెరువు శిఖం, గుట్టబోరు, పోరంబోకు. వాటి పక్కనే ప్రభుత్వం పంచిన భూములు. తెలంగాణలో లావణి పట్టా అని పిలిచే ఈ భూములు ఎక్కువగా దక్కింది దళితులకు, ఇతర పేదలకు. మంచి నల్లరేగడి, బావుల కింది మాగాణి ముందే వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. మిగిలిన రాళ్లభూమిని పంచారు. ఆ రాళ్లు ఏరి, చెలకగా మార్చింది మన పెద్దలు.

రోడ్డు గీత గీసే ఇంజినీరుకు ఏ కులం మీదా కోపం ఉండనక్కర్లేదు. ఇళ్లు కూల్చే పని తక్కువుండాలి, సేకరణ ఖర్చు తక్కువుండాలి, కోర్టు కేసులు తక్కువుండాలి అన్న మూడు సూత్రాలు పాటిస్తే చాలు, గీత దానంతటదే ఊరి అంచుకు, రికార్డులో సర్కారు పేరున్న భూమికి జరుగుతుంది.

విస్తీర్ణం లెక్క వేసి చూద్దాం. 45 మీటర్ల వెడల్పున రోడ్డు వేస్తే కిలోమీటరుకు సుమారు 11 ఎకరాలు పోతాయి. 60 మీటర్లయితే దాదాపు 15 ఎకరాలు. ట్రిపుల్ ఆర్ లాగా 100 మీటర్లయితే దాదాపు 25 ఎకరాలు. లావణి పట్టా ఎకరమో రెండెకరాలో ఉంటుంది. అంటే అసైన్డ్ భూముల మీదుగా పోయే ఒక్క కిలోమీటరు చిన్న బైపాస్‌తో పది కుటుంబాల దాకా భూమి కోల్పోతాయి. పెద్ద రైతుకు పదెకరాల్లో ఒక ఎకరం పోవడం, వీళ్లకు ఉన్న ఒక్క ఎకరం పోవడం ఒకటి కాదు.

'సర్కారు భూమే కదా' అనేవాళ్లకు జవాబు

ఫీల్డ్‌వర్క్‌లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే మాట ఒకటుంది. సర్కారు ఇచ్చిన భూమి సర్కారు తీసుకుంటే పైసలెందుకిస్తది అన్నది. ఆఫీసుల్లోనే కాదు, భూమి పోతున్న ఇళ్లల్లో కూడా ఇదే నమ్మకం. లావణి పట్టా కాగితం మీద, ప్రజావసరం వస్తే భూమి వెనక్కి తీసుకుంటామన్న షరతు రాసి ఉంటుంది. దానికితోడు 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం ఈ భూమిని అమ్మకూడదు, కొనకూడదు. వారసులకు మాత్రం వస్తుంది. అమ్ముకునే హక్కు లేదు కాబట్టి ధర అడిగే హక్కూ లేదని అనుకుంటారు.

ఈ నమ్మకం తప్పని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2004లోనే తేల్చింది. చేవెళ్ల ఆర్డీవోకు, మేకల పండుకు మధ్య నడిచిన ఆ కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రతి దళితవాడలో గోడకు అంటించి ఉంచాల్సినంత ముఖ్యమైంది. ప్రజావసరం కోసం అసైన్డ్ భూమి తీసుకుంటే, అసైనీకి పూర్తి మార్కెట్ విలువ, మిగతా ప్రయోజనాలు పట్టాదారుతో సమానంగా ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. పట్టాలోని షరతు ప్రకారం వెనక్కి తీసుకున్నా సరే, భూసేకరణ చట్టం కింద తీసుకున్నా సరే, ఇదే వర్తిస్తుంది. దయతో ఇచ్చే ఎక్స్‌గ్రేషియాతో సరిపెట్టడం కుదరదు.

2013 భూసేకరణ చట్టం దీన్ని ఇంకా గట్టిపరిచింది. 'భూయజమాని' అన్న మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే అసైన్డ్ భూములతో సహా పట్టా హక్కులు పొందాల్సినవాళ్లు ఉన్నారు. ప్రభుత్వ పథకం కింద భూమి పొందిన కుటుంబం, ఆ భూమి సేకరణలో పోతే, 'ప్రభావిత కుటుంబం' కిందికి వస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జాతీయ రహదారులకు భూమి తీసుకునేది 2013 చట్టం కింద కాదు, 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. ఆ చట్టంలో పరిహారం తక్కువగా ఉండేది. 2015 ఆగస్టు 28న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో 2013 చట్టంలోని పరిహారం, పునరావాసం నిబంధనలు రహదారులకు కూడా వర్తిస్తున్నాయి. 2019లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రహదారుల చట్టం కింద భూమి పోయినవాళ్లకు సొలేషియం, వడ్డీ ఎగ్గొట్టడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది.

దీన్ని రూపాయల్లో చూద్దాం. అర్థం కావడానికి ఎకరం మార్కెట్ విలువ 20 లక్షలు అనుకుందాం. గ్రామీణ ప్రాంతాల్లో దాన్ని 1 నుంచి 2 వరకు ఉండే గుణకంతో హెచ్చించాలి. గుణకం 1 అయినా 20 లక్షలు, దాని మీద నూరు శాతం సొలేషియం ఇంకో 20 లక్షలు, మొత్తం 40 లక్షలు. గుణకం 2 అయితే 80 లక్షలు. అసైన్డ్ భూమికి ఇందులో ఒక్క రూపాయి తగ్గించినా మేకల పండు తీర్పుకు విరుద్ధం. లావణి భూములకు అమ్మకం దస్తావేజులు ఉండవు కాబట్టి రేటు తెలియదనే సాకు కూడా చెల్లదు. చుట్టుపక్కల అలాంటి భూముల అమ్మకాల సగటు చూడమని చట్టమే చెబుతోంది. పక్క పట్టా భూమి రేటే దీని రేటు.

ఎస్సీ, ఎస్టీలకు ఇంకో ప్రత్యేక హక్కు 2013 చట్టం రెండో షెడ్యూలులో ఉంది. ఏ ప్రాజెక్టులోనైనా భూమి కోల్పోయే ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అంత భూమి ఇవ్వాలి. దీన్ని అడిగేవాళ్లు తక్కువ. అడగాలని తెలిసినవాళ్లు ఇంకా తక్కువ.

భూమి లేనివాళ్ల మాటేమిటి?

బైపాస్ కింద పోయే పట్టా భూమిలో కూడా మనవాళ్లు ఉంటారు. కౌలుకు చేసేవాళ్లు, నాట్లకు, కలుపుకు పోయేవాళ్లు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, అదే ప్రధాన జీవనాధారంగా ఉన్న కూలీ, కౌలు కుటుంబాలను కూడా 2013 చట్టం ప్రభావిత కుటుంబాలుగానే గుర్తించింది.

ఈ హక్కు కోసం కొట్లాడిన చరిత్ర ఈ జిల్లాదే. జహీరాబాద్ దగ్గర నిమ్జ్ కోసం తెలంగాణ ప్రభుత్వం 2015 జులైలో ఇచ్చిన 123 జీవో కింద భూములు కొనడం మొదలుపెట్టింది. భూమి అమ్మినవాడికి డబ్బు వస్తుంది, ఆ భూమి మీద బతికిన కూలీకి ఏమీ రాదు. ఆ ప్రాంత వ్యవసాయ కూలీలే హైకోర్టుకు వెళ్లారు. 2016 ఆగస్టు 3న సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది గానీ, కూలీల పునరావాసం కోసం కొత్త ఉత్తర్వులు ఇవ్వక తప్పలేదు. సెంటు భూమి లేని మనుషులు భూసేకరణ జీవోను కోర్టులో నిలదీశారంటే, బైపాస్ దగ్గర మనం నోరు మూసుకోవాల్సిన అవసరం లేదు.

21 రోజులే ఉంటాయి

జాతీయ రహదారుల సేకరణలో సామాజిక ప్రభావ అధ్యయనం ఉండదు. గ్రామసభ తీర్మానం అడగరు. చిన్న బైపాస్‌కు పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరగకపోవచ్చు. మాట్లాడటానికి చట్టబద్ధంగా దొరికే సమయం చాలా తక్కువ. దాని క్రమం ఇలా ఉంటుంది.

మొదట 3ఏ నోటిఫికేషన్. ఫలానా సర్వే నంబర్లలో భూమి తీసుకోవాలనుకుంటున్నామని గెజిట్‌లో ప్రకటిస్తారు. దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేస్తారు, అందులో ఒకటి తెలుగులో ఉండాలి. అది వచ్చిన 21 రోజుల్లోగా 3సీ కింద రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. అధికారి మన మాట వినాలి. తర్వాత 3డి ప్రకటన వస్తే భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోయినట్టే. ఆ తర్వాత మిగిలేది ధర మీద పోరాటమే. 3జీ కింద క్లెయిములు పిలుస్తారు, పరిహారం నిర్ణయిస్తారు. అది నచ్చకపోతే ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లవచ్చు.

ఈ క్రమంలో మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది రికార్డు దగ్గర. తాత పేరు మీద లావణి పట్టా ఉంటుంది. తాత పోయాడు, తండ్రి పోయాడు, విరాసత్ చేయించుకోలేదు. 2017 భూరికార్డుల ప్రక్షాళనలో ఆ సర్వే నంబరు పార్ట్-బిలో పడింది. 2020లో ధరణి వచ్చాక పాస్‌బుక్కు రాలేదు. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చాక కూడా దరఖాస్తు పెట్టుకోలేదు. నోటిఫికేషన్‌లో ఆ సర్వే నంబరు ఎదుట 'ప్రభుత్వ భూమి' అని పడితే, నలభై ఏళ్లుగా దున్నుతున్న కుటుంబం పేరు ఎక్కడా ఉండదు. ఇంకోచోట, ఎప్పుడో తెల్ల కాగితం మీద రాయించుకున్న రియల్ ఎస్టేట్ మనిషి చెక్కు కోసం ముందు వరసలో నిలబడతాడు. అందుకే నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తడం కాదు, బైపాస్ మాట వినిపించిన రోజే పాత పహాణీలు, పట్టా నకలు తీసి పెట్టుకోవాలి, విరాసత్ చేయించుకోవాలి.

ఆలస్యంగా తెలిస్తే ఏమవుతుందో గుమ్మడిదల మండలానికి బాగా తెలుసు. 2025 ఫిబ్రవరిలో ప్యారానగర్‌లో జీహెచ్‌ఎంసీ డంపింగ్ యార్డు పనులు పోలీసు బందోబస్తు మధ్య మొదలైతే, నల్లవల్లి, గుమ్మడిదల జనం రోడ్డెక్కాల్సి వచ్చింది. యంత్రాలు దిగాక ఆపడం ఎంత కష్టమో అక్కడ దీక్షల్లో కూర్చున్న ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

మన నిధి లెక్కలో రోడ్డు ఖర్చు?

ఇంకో లెక్క కూడా కనిపెట్టాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చింది. జనాభా నిష్పత్తిలో, అంటే తెలంగాణలో ఎస్సీలకు 15.45 శాతం, నిధులు కేటాయించాలన్నది దాని సారం. అయితే 2013 చట్టం 11వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. ఎవరికెంత అని విడదీయలేని మౌలిక వసతుల పనుల్లో ప్రభుత్వం నిర్ణయించిన కొంత వాటాను ఉపప్రణాళిక ఖర్చుగానే భావించవచ్చు. రోడ్లు సరిగ్గా ఈ కోవలోకే వస్తాయి. కర్ణాటక చట్టంలోనూ ఇలాంటిదే 7(డి) సెక్షన్ ఉండేది. దళిత సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే 2023లో దాన్ని తొలగించారు.

రాష్ట్ర డబ్బుతో కట్టే బైపాస్ అయినా, కేంద్ర రహదారికి రాష్ట్రం పెట్టే భూసేకరణ వాటా అయినా, అందులో ఎంత భాగాన్ని ఎస్సీ ప్రత్యేక నిధి కింద చూపారో సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, అడగాలి. దళితుడి భూమి తక్కువ ధరకు తీసుకుని, ఆ రోడ్డు ఖర్చును మళ్లీ దళితుల సంక్షేమం ఖాతాలోనే రాస్తే ఒకే మనిషిని రెండుసార్లు దోచినట్టు.

వినతిపత్రంలో ఏం రాయాలి?

బైపాస్ వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. నిధుల కోసం ఎమ్మెల్యే, ఎంపీ, కలెక్టర్ దగ్గరికి వెళ్లే అఖిలపక్షంలో వాడ నుంచి కూడా మనుషులు ఉండాలి. ఆ వినతిపత్రంలో ఈ విషయాలు ఉండాలి.

ఒకటి, అలైన్‌మెంట్ ఖరారు కాకముందే సర్వే నంబర్ల వారీగా, భూమి స్వభావం వారీగా జాబితాను పంచాయతీ, మున్సిపల్ ఆఫీసుల్లో తెలుగులో పెట్టాలి. పట్టా భూమి ఎంత, అసైన్డ్ ఎంత అన్నది అందులో కనబడాలి.

రెండు, భూసేకరణ అంచనాలో అసైన్డ్ భూమికి కూడా పట్టా భూమి రేటే వేయాలి. అంచనాలో లేని డబ్బు చెక్కులో రాదు.

మూడు, ఎస్సీ కుటుంబాలకు భూమికి బదులు భూమి, కూలీ, కౌలు కుటుంబాలకు పునరావాసం ఖర్చు ప్రాజెక్టు వ్యయంలో భాగంగా చూపాలి.

నాలుగు, వాడ నుంచి ఊళ్లోకి, బడికి, శ్మశానానికి, మిగిలిన చెలకకు పోయే దారుల దగ్గర అండర్‌పాస్‌లు, సర్వీసు రోడ్లు డీపీఆర్‌లోనే ఉండాలి. టెండరు అయ్యాక అడిగితే పని పరిధి మారిందని, మళ్లీ నిధులు కావాలని అంటారు. ఊరికి ట్రాఫిక్ తప్పించిన రోడ్డు వాడకు గోడ కాకూడదు.

ఐదు, బైపాస్ వచ్చాక పాత రోడ్డును ఒకసారి బాగుచేసి రాష్ట్రానికి అప్పగిస్తారు. ఆ బాగుచేతలో కాలిబాట, వీధిదీపాలు, కంపెనీ కార్మికులు దాటే చోట క్రాసింగ్‌లు ఉండాలి.

ఇవేవీ గొంతెమ్మ కోర్కెలు కావు. ఇందులో చాలావరకు చట్టంలో, కోర్టు తీర్పుల్లో ఉన్నవే. కరెంటు స్తంభం జరపడానికి లెక్క రాసిన చేత్తోనే లావణి చెలక విలువ కూడా రాయమంటున్నాం. బొంతపల్లి దగ్గర రేపు పొద్దున్నే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రోడ్డు దాటే కాంట్రాక్టు కార్మికుడికి బైపాస్ కావాలి. ఆ బైపాస్ కింద పోయేది అతని అమ్మ పేరు మీదున్న ఎకరమే అయితే, దాని ధర కూడా కావాలి.